ఉమ్మడి మిద్దె, మరమ్మతు ఋణము

ఒక కట్టడమునకు యజమాని ఒక్కడే యైనప్పుడు అది శిథిలమగుటకు దారిద్ర్యమో అలక్ష్యమో కారణము కావచ్చును. యజమానులు పదుగురైనప్పుడు మూడవ కారణమొకటి వచ్చి చేరును. ముందుగా రూపాయి తీయవలసినవాడు ఎవడు అనునదియే ఆ కారణము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములందు ఇటీవలి దశాబ్దములలో లేచిన అపార్టుమెంట్లలో ఫ్లాట్లు కొన్నవారికి, బోరు ఎండిన నాడు, లిఫ్టు నిలిచిన నాడు, పైకప్పు సిమెంటు పెచ్చులూడి ఇనుపచువ్వలు బయటపడిన నాడు ఈ ప్రశ్న ఎదురగుచున్నది. దీనిని పట్టణవాసముతోపాటు దిగుమతియైన క్రొత్త చిక్కుగా వారు తలచుట సహజమే. కాని కట్టడమొకటియై, వాటాదారులు పలువురై, మరమ్మతు ఎవరిదన్న తగాదా రాయలసీమకు శతాబ్దములనుండి తెలిసినదే. చెఱువుకట్టమీదను, అన్నదమ్ములు పంచుకొన్న మిద్దెమీదను, జమీందారుల మేడలయందును అది వేర్వేరు రూపములు దాల్చెను. ఆ చరిత్రను చెఱువుతో మొదలుపెట్టుట న్యాయము. ఏలయన ఇక్కడి జనము ఉమ్మడిగా అనుభవించిన తొలి పెద్ద కట్టడము అదియే.

ఈ మూడు పట్టణములును సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు మీఱిన పీఠభూమిమీద ఉన్నవి. మదనపల్లె ప్రక్కను పాఱు బాహుదయు, కుప్పము సీమను ఒరసికొనిపోవు పాలాఱును సంవత్సరములో హెచ్చుకాలము ఇసుకగానే కనబడు నదులు. పరిపాలన చరిత్రలోను ఇవి ఒక త్రాటిమీద నడచినవి కావు. మదనపల్లె పూర్వము కడప జిల్లాలోనిది. పుంగనూరు జమీందారియు, కుప్పము కేంద్రముగాగల కంగుంది జమీందారియు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ మూడును ఒక కప్పు క్రిందికి వచ్చెను. 2022లో అన్నమయ్య జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె మరల వేఱుపడెను. కచేరీలు ఎన్నిమార్లు మాఱినను నీటి సంగతి మాఱలేదు. కొండకు కొండకు నడుమ కట్టవేసి, పైచెఱువు మొరవ పోయిన నీటిని క్రింది చెఱువు పట్టుకొనునట్లు గొలుసుకట్టుగా నిలుపుకొన్ననాడే ఇచ్చట వరి పండెను.

చెఱువు కట్టుట పుణ్యమని అందఱును చెప్పుదురు. కట్టిన చెఱువును నిలుపుట ఎంతటి లెక్కతో కూడిన పనియో కడప జిల్లాలోని పోరుమామిళ్ళ శాసనము చదివినవారికి తెలియును. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, 1369లో వేయించిన ఆ శాసనము రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు పనిచేసిన సంగతిని తెలుపుటయే కాక, మంచి చెఱువునకు పండ్రెండు సాధనములను, చెఱువునకు కలుగు ఆఱు దోషములను వరుసగా ఎన్నినది. కట్ట ఊరుట ఒక దోషము. చౌడునేల ఒక దోషము. నీరు తక్కువయై నేల హెచ్చగుట ఒకటి, నేల తక్కువయై నీరు హెచ్చగుట మఱియొకటి. వీనితో సమానముగా ఆ శాసనకర్త ఎన్నిన వేఱొక దోషము చెఱువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట! కట్టలోని చెమ్మను, యాజమాన్యములోని చీలికను ఒకే పట్టికలో చేర్చిన ఆ శిల్పశాస్త్రవేత్త బుద్ధిసూక్ష్మతకు నమస్కరింపవలసినదే. నీరు కాఱుట కంటికి కనబడు పగులు; ఇద్దఱు ప్రభువులుండుట కంటికి కనబడని పగులు.

కట్టిన తరువాత దానిని ఎవరు చూడవలెను? ఈ ప్రశ్నకు కడప, ఉత్తర ఆర్కాటు సీమలవారు కనిపెట్టిన సమాధానము దశబంధము. చెఱువునో, కాలువనో, బావినో సొంత ధనముతో త్రవ్వించినవానికి, లేదా పాడైనదానిని బాగుచేసినవానికి, దానిక్రింద సాగగు భూమి ఫలములో ఇంత భాగమని ప్రభువు ఇనాముగా ఇచ్చెడివాడు. పేరునుబట్టి అది పదవ భాగము. ఆచరణలో ఊరినిబట్టి హెచ్చుతగ్గులుండెను. ఫలానా నేల అని హద్దులు చూపి ఇచ్చినది ఖండం దశబంధము. నేల చూపక ఆయకట్టు మొత్తముమీద వచ్చు శిస్తులో వాటాగా ఇచ్చినది షామిలాతు దశబంధము. రెండింటికిని షరతు ఒక్కటే: కట్టకు మన్ను పోయించుట, తూము సరిచేయించుట, మొరవ రాతిని నిలుపుట, పూడిక తీయించుట ఇనాందారుని పని, ఆ పని జరుగుచున్నంతవఱకే ఇనాము. 1858లో మొదలైన ఇనాం కమీషను గ్రామగ్రామమున విచారణ జరిపి, ఫెయిర్ రిజిస్టరులో ఇనాము విస్తీర్ణము, అనుభవదారుని పేరుతోపాటు అది ఏ షరతుమీద ఇచ్చినదో కూడ వ్రాయించెను.

దీనిలోని నేర్పు ఎచ్చట ఉన్నదనగా, మరమ్మతు సొమ్ము అవసరము వచ్చిన నాడు ఇంటింటికి తిరిగి వసూలు చేయు చందా కాదు. పంట కళ్ళములోనుండి ఇంటికి చేరకముందే, అనుభవము పంపకమగుటకు పూర్వమే, ఋణముగా విడదీసి ప్రక్కను పెట్టిన భాగము. కట్ట తెగినను తెగకపోయినను, ఆ యేడు వాన వచ్చినను రాకపోయినను, పండిన గింజలో కట్ట భాగము కట్టదే. నేటి అపార్టుమెంటు సంఘములవారు కార్పస్ ఫండని పిలుచుకొను నిధికి ఇంతకన్న గట్టి పూర్వరూపము నాకు కనబడలేదు.

ఐనను దశబంధమును కూడ పంపకమే చెఱచెను. మొదటి ఇనాందారుడు ఒక్కడు; అతని కుమారులు నలుగురు; మనుమలు పదుగురు. పదవ భాగమును పదిమంది పంచుకొన్నప్పుడు ఒక్కొక్కనికి వచ్చునది నూఱవ భాగము. ఆ నూఱవ భాగమునకై కట్టమీదికి పదిబండ్ల మన్ను తోలువాడెవడు? అనుభవము ముక్కలుగా చీలుటకు సిద్ధముగనే ఉండును. కట్ట మాత్రము ముక్కలుగా చీలరాదు. నా వాటా మేర నేను మన్ను పోసితిననుటకు నీరు ఒప్పుకొనదు; ఎచ్చట పల్లమైనదో అచ్చటనే అది త్రోవ చేసికొనును.

ఇనాములు లేని చెఱువులకు కుడిమరామతు ఉండెను. ఆయకట్టు రైతులు ఇంటికొక మనిషిని పంపి కట్టమీది కంపను కొట్టి, గండ్లు పూడ్చి, కాలువ త్రవ్వుకొనుట ఆ ఆచారము. ఎవనికెంత నీరు పోవలెనో చూచు నీరుగంటికి పంటలో మేర ముట్టుచుండెను. ఆంగ్లప్రభుత్వము శిస్తును గట్టిగా వసూలు చేయుచు, కట్టలను చూడు గ్రామవ్యవస్థను సడలనిచ్చిన పిమ్మట, ఆచారమును శాసనముతో నిలుపుటకై మద్రాసు రాజధానికి 1858లో నిర్బంధశ్రమ చట్టమును చేసెను. ఆచారప్రకారము పనికి రానివాడు ఆ పని విలువకు రెట్టింపు చెల్లింపవలెనని అందు విధించెను. చట్టము పుస్తకములోనే ఉండెను. కట్టలు నానుచు వచ్చెను. 1876–78 నాటి మహాక్షామము సీమను ఊడ్చివేసిన తరువాత, 1883లో చెఱువుల పునరుద్ధరణకై ప్రత్యేక పథకమును ఆరంభింపవలసి వచ్చెను. అంతకు చాల ముందే, దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా ఉండిన థామస్ మన్రో, చెఱువునకు అనువైన చోటు ఈ సీమలో ఇక మిగులలేదనియు, అట్టి ప్రతిచోటును జనులు ముందే వినియోగించుకొనిరనియు గ్రహించెను. క్రొత్తది కట్టుటకు చోటు లేని దేశమునకు ఉన్నదానిని నిలుపుకొనుట తప్ప వేఱు దారి ఏది? ఈ పాఠము నేటికిని పూర్తిగా ఒంటబట్టలేదు. మదనపల్లె బాహుద పించాతో కలిసి చెయ్యేఱుగా సాగి పోవు దారిలో అన్నమయ్య జలాశయము ఉండెను. 2021 నవంబరు 19న వరద వచ్చినప్పుడు దాని ఐదు ద్వారములలో ఒకటి పనిచేయు స్థితిలో లేదు. కట్ట తెగి క్రింది పల్లెలు కొట్టుకొనిపోయెను.

చెఱువునుండి ఇంటికి వత్తము. సిమెంటు రాకపూర్వము ఈ ప్రాంతపు పాతయిండ్లలో మట్టిమిద్దెలు విశేషముగా ఉండెను. రాతిగోడలపై దూలములు, దూలములపై దంతెలు, వానిపై కంపయో బోదయో పఱచి, మన్ను తొక్కి, అన్నిటికి మీద చవుడుమన్ను పఱచెడివారు. వాననీటిని లోనికి ఇంకనీయక జార్చు గుణము ఆ చవుటికి గలదు. ఐతే అది ఏటేట పలుచబడును. కావున రోహిణికార్తె ఎండలలోనే బండ్లతో చవుడు తోలించి, మిద్దెమీద క్రొత్త పొర వేసి, వాటము సరిచూచి, దోనెలలో పేరుకొన్న చెత్తను తీసి, మృగశిరకు సిద్ధముగా ఉండుట గృహస్థధర్మములలో ఒకటి. ఆ పనిని ఒక యేడు మఱచిన ఇంటికి చినుకు పడును. రెండేండ్లు మఱచిన దంతెకు చెద పట్టును. మూడవయేట దూలము వంగును. మరమ్మతు వాయిదాకు వడ్డీ ఎట్లు పెరుగునో చూపుటకు ఇంతకన్న సూటియైన ఉదాహరణ అక్కఱలేదు.

ఇట్టి మిద్దెను అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు కథ చిక్కబడును. తండ్రి కట్టిన నాలుగంకణముల ఇల్లు. పడసాల నడుమ గోడపెట్టి చెరి రెండంకణములు. వాకిలి రెండు, పొయ్యి రెండు. మీది మిద్దె మాత్రము ఒక్కటే పలకగా మిగిలిపోవును. తమ్ముడు బెంగుళూరుకో మద్రాసుకో పోయి, తన భాగమునకు తాళము వేసి, చవుడు వేయుట మానెను. నీరు అతని వైపున ఇంకి, ఉమ్మడి గోడ వెంబడి దిగి, అన్న ఇంటిలో ధాన్యపు గాదెను తడిపెను. అన్న తన ఖర్చుతో తమ్ముని భాగమునకు కూడ చవుడు వేయించినచో ఆ ఖర్చు తిరిగి వచ్చుట దుర్లభము. వేయింపనిచో తన గోడ పడును. ‘నీ భాగమునకే నీవు వేసికొనుము, నా మిద్దె జోలికి రావలదు’ అని తమ్ముడు వ్రాసిన ఉత్తరముతో పంచాయతి మొదలైన ఇండ్లు పల్లెకొకటియైన ఉండెడివి. భాగపరిష్కార పత్రములు ఎన్నింటినైనను చూడవచ్చును. గదుల కొలతలు, వాకిటి చెట్టు, పెరటిబావిలో నీళ్ళు తోడుకొను హక్కు, దొడ్డిదారి హక్కు నిశితముగా వ్రాసిన పెద్దమనుషులు, మిద్దెకు చవుడు ఎవరు ఎప్పుడు వేయవలెనో వ్రాయుట అరుదు.

ధర్మశాస్త్రము దాయభాగమును గూర్చి అపారముగా చర్చించినది. విజ్ఞానేశ్వరుని మితాక్షరను పదమూడవ శతాబ్దిలోనే కేతన తెనిగించెను. తండ్రి ఆస్తిలో ఎవరికెంత అను విషయమున తెలుగువారికి సందేహము మిగులలేదు. ఆంగ్లప్రభుత్వము వచ్చిన పిదప 1882 నాటి ఆస్తిబదలాయింపు చట్టము, ఉమ్మడి కుటుంబపు నివాసగృహములో వాటా కొన్న పరాయివానికి ఆ ఇంటిలో కలిసి కాపురముండు హక్కు లేదనెను. 1893 నాటి విభజన చట్టము, అట్టి పరాయివాడు భాగము కోరినచో కుటుంబపువారే ఆ వాటాను వెలకట్టి కొనవచ్చుననియు, పంచుటకు వీలుకాని ఆస్తిని అమ్మి సొమ్ము పంచవచ్చుననియు దారి చూపెను. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణతో కుమార్తెలు కూడ పుట్టుకతో సమభాగినులైరి. ఇది ఆలస్యముగా జరిగిన న్యాయము. ఐతే వాటాదారుల సంఖ్య హెచ్చినకొలది మరమ్మతు బాధ్యతను వివరముగా వ్రాయవలసిన అవసరమును హెచ్చెను. ఆ పనిని ఏ శాసనమును చేపట్టలేదు.

జమీందారుల మేడలకు పట్టిన గతి వేఱు. అచ్చట యజమాని ఒక్కడే. పెద్దకొడుకునకే సంస్థానము చెందవలెనను ఆచారమును 1904 నాటి మద్రాసు శాసనము కూడ కాపాడెను. పుంగనూరు రాజభవనమైనను, కుప్పమునకు ఎగువను శిథిలమైన కంగుంది కోటయైనను, సంస్థానపు రాబడిమీద నిలిచిన కట్టడములు. సున్నము కొట్టువానికి, కొయ్యపని చేయువానికి, ఏనుగుసాల ఊడ్చువానికి జీతము పల్లెల శిస్తునుండి వచ్చుచుండెను. 1948లో మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి భూములను, శిస్తును ప్రభుత్వపరము చేసెను. భవనములను మాత్రము పూర్వయజమానులకే విడిచిపెట్టెను. చట్టకర్తలు దానిని ఔదార్యముగనే తలచియుందురు. కాని వంద గదుల మేడను ఉంచి, దానిని పోషించిన వంద పల్లెల రాబడిని తీసికొనుటలో ఔదార్యము పాలు ఎంతయో లెక్కవేయుట కష్టము. బొంబాయిలో ఇదే సంగతి అద్దె యిండ్లకు జరిగెను: 1947 నాటి అద్దె నియంత్రణ చట్టము అద్దెలను బిగించగా యజమానులు మరమ్మతులు మానిరి, చాళ్ళు కూలసాగెను, కడపట 1969లో మరమ్మతుల మండలిని స్థాపించి, పాతకట్టడములమీద ప్రత్యేక సుంకము వేయవలసి వచ్చెను. కట్టడమును పోషించు రాబడి దానినుండి ఎప్పుడు విడివడునో, శిథిలత నాడే ఆరంభమగును. గోడమీద బీట కనబడుట తరువాతి సంగతి.

మదనపల్లె ప్రక్కనున్న ఆరోగ్యవరమును ఈ సందర్భమున తలపకపోవుట తగదు. 1915లో ఆరంభమై, ఫ్రిమోట్ మోలర్ వైద్యుని నాయకత్వమున దేశమంతట పేరుపొందిన ఆ క్షయరోగ చికిత్సాలయము పలు క్రైస్తవ మిషనులు ఏకమై స్థాపించినది. పేరులోనే యూనియన్ మిషన్ అని ఉన్నది. దానము కట్టడమునకు దొరకినంత సులభముగా కట్టడపు పోషణకు దొరకదని నడపువారందఱును ఎఱుగుదురు. శంకుస్థాపన ఫలకముమీద దాత పేరుండును. పైకప్పు పెంకు మార్పించినవాని పేరును చెక్కిన ఫలకమును ఎవడైన చూచెనా?

ఇప్పుడు అపార్టుమెంటునకు వచ్చితిమి. ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము, ఫ్లాటు యజమానికి తన గదులపై సంపూర్ణ హక్కును, మెట్లు, వరండా, నేల, పైకప్పు మొదలగు ఉమ్మడి భాగములలో విభజింపబడని వాటాను నిర్ణయించి, ఆ వాటాను ఫ్లాటునుండి విడదీసి అమ్మరాదని, ఉమ్మడి వ్యయమును సంఘముద్వారా భరింపవలెనని ఏర్పాటు చేసెను. 2016 నాటి రెరా చట్టము, ఇల్లు అప్పగించిన ఐదేండ్లలోగా నిర్మాణదోషము బయటపడినచో బిల్డరే సరిచేయవలెనని శాసించెను. ఐదేండ్లు! సిమెంటు కట్టడమునకు అసలు రోగము ఇరువది ముప్పదియేండ్ల నాడు వచ్చునది. గాలిలోని బొగ్గుపులుసుగాలి మెల్లమెల్లగా కాంక్రీటులోనికి చొచ్చి, చువ్వను కాపాడుచున్న క్షారగుణమును హరించును. ఆపై తేమ తగిలిన ఇనుము త్రుప్పుపట్టును. త్రుప్పు ఇనుముకన్న హెచ్చు చోటు ఆక్రమించునది కావున లోనుండి ఉబ్బి, పైపెచ్చును త్రోసివేయును. మేడమీది నీళ్ళతొట్టి కాఱుట, స్నానపుగది గొట్టము చెమర్చుట చిన్నవిగా కనబడును గాని, ఈ వ్యాధికి అవియే ద్వారములు. మిద్దెమీది చవుడు ఏటేట పలుచబడి యజమానిని హెచ్చరించెడిది. కాంక్రీటు ఇరువదియేండ్లు మౌనముగా ఉండును. ఆ మౌనమునే జనులు దార్ఢ్యమని నమ్ముచున్నారు.

ఆ మౌనము ఎట్లు ముగియునో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున ప్రపంచము చూచెను. సర్ఫ్‌సైడ్ పట్టణములో 1981లో కట్టిన పండ్రెండంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అను నివాసభవనములో కాంక్రీటు చెడినదని 2018లోనే ఇంజనీరు నివేదిక ఇచ్చెను. మరమ్మతునకు ఎంత, ఎవరెంత, ఇప్పుడా మఱియొకప్పుడా అని యజమానులు ఏండ్లతరబడి తర్కించిరి. కడకు దాదాపు కోటిన్నర డాలర్ల వ్యయమునకు, ఇంటికి 80,000 డాలర్లు మొదలుకొని మూడులక్షలకు పైగా చందా నిర్ణయమయ్యెను. చెల్లింపులు 2021 జూలై 1న మొదలు కావలసియుండెను. జూన్ 24 తెల్లవాఱకముందే భవనము కూలి 98 మంది మృతిచెందిరి. ఆ మఱుసటియేడు ఫ్లోరిడా శాసనసభ, ముప్పదియేండ్లు నిండిన ఎత్తైన నివాసభవనములకు తప్పనిసరి పరీక్షను విధించి, కట్టడపు ప్రధానాంగముల మరమ్మతు నిధిని వద్దని త్రోసిపుచ్చు స్వాతంత్ర్యమును సంఘములనుండి తొలగించెను. పదవ భాగమును ముందే తీసిపెట్టుమన్న దశబంధపు బుద్ధికి వారు అంత మూల్యము చెల్లించి చేరిరి.

మన ఊళ్ళలో లెక్క ఎట్లు నడచునో ఊహకై ఒక ఉదాహరణ వేసికొందము. ఇరువది ఫ్లాట్ల భవనము. నెలకు ఫ్లాటుకు 1,500 రూపాయల మెయింటెనెన్సు. నెలకు 30,000 వచ్చును. వాచ్‌మన్ జీతము, లిఫ్టు మరమ్మతు ఒప్పందము, మోటారు కరెంటు, వేసవిలో ట్యాంకర్ల నీళ్ళు పోగా ఏడాది చివర మిగులునది శూన్యమో, అప్పో. ఇరువదియైదవ యేట స్తంభములకు, పైకప్పునకు చికిత్స చేయుటకు 40 లక్షలు కావలెనన్నారనుకొందము. ఇంటికి రెండు లక్షలు. నలుగురు ఇయ్యమనిరి: ఒకరు అమెరికాలో ఉన్నారు, ఒకరు అద్దెకు ఇచ్చిరి, ఒకరు అమ్మకమునకు పెట్టిరి, క్రింది అంతస్తువారు పైకప్పుతో తమకేమి పనియనిరి. మిగిలిన పదునాఱుగురు తలకు రెండున్నర లక్షలు వేసికొనవలెను. వారిలో పింఛనుమీద బ్రతుకు ఉపాధ్యాయుడు ఉండును, టమాటా మండీలో గుమాస్తా ఉండును, నీరుగట్టువారిపల్లెలో మగ్గము నడిపి కూడబెట్టి కొన్నవాడును ఉండవచ్చును. బీమా అందునా? ఇంటిబీమా అగ్నికో భూకంపమునకో గాని, కాలక్రమమున అరిగిన అరుగుదలకు చెల్లదు. అప్పు పుట్టునా? బ్యాంకులు భవనము ఇంకెన్నేండ్లు నిలుచునో చూచి వాయిదాలు నిర్ణయించును. పాతబడినకొలది కొనువారికి ఋణము దొరకుట కష్టమై, దొరకనికొలది ధర పడిపోవును.

ఇక చివరకు మిగులునది నేల. సొంత ఇల్లు కూలినను స్థలము మిగులునని మన పెద్దలు ధైర్యము చెప్పుకొనెడివారు. ఫ్లాటు యజమానికి మిగులు స్థలము విభజింపబడని కొన్ని గజములు. అది ఏ మూలనున్నదో ఎవరును చూపలేరు. దానిని అమ్ముకొనవలెనన్నను, పాతదానిని పడగొట్టి క్రొత్తది కట్టవలెనన్నను ఇరుగుపొరుగుల సమ్మతి కావలెను. డెవలప్‌మెంటు అగ్రిమెంటు వ్రాసికొన్న నాడు స్థలము యజమాని, బిల్డరు తమ వాటాలను శాతములలో పంచుకొందురు. ఆ శాతములు చదివి కొన్నవారు ఎందఱో చెప్పుట కష్టము.

ఇనాం ఫెయిర్ రిజిస్టరును, నేటి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పత్రమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక వింత కనబడును. నూటయఱువది సంవత్సరముల క్రిందటి ఆ రిజిస్టరులో భూమి పేరు ప్రక్కనే దానిమీదనున్న మరమ్మతు ఋణము వ్రాసియుండెను. కొన్నవాడైనను, వారసుడైనను తెలియదనుటకు వీలులేదు. నేడు ఫ్లాటు కొనబోవువాడు రుసుము చెల్లించి ఈసీ తీయించును. దానిలో తనఖాలు, పూర్వపు విక్రయములు కనబడును. సంఘమునకు పూర్వయజమాని ఎగగొట్టిన బాకీ గాని, ముందున్న సంవత్సరములలో ఆ భవనము కోరబోవు మరమ్మతు వ్యయము గాని అందు కనబడదు. విస్తీర్ణము చదరపు అడుగులలో దశాంశములతో సహా ఉండును; ఋణము మాత్రము మౌనము వహించును. ఈ విషయమున పూర్వుల గుమాస్తాయే మనకన్న మెఱుగని నా అభిప్రాయము.

కుప్పమువారి సంగతి వీరందఱికన్న విచిత్రము. ఆ ఊరు మూడు రాష్ట్రములు కలియు చోటున, బెంగుళూరు–జోలార్‌పేట రైలుమార్గముమీద ఉన్నది. ఉద్యోగము బెంగుళూరులో, చుట్టఱికము తమిళదేశములో, తల్లిదండ్రులు కుప్పములో ఉన్న కుటుంబములు అచ్చట అరుదు కావు. అట్టి కుటుంబము ఒకే తరములో మూడు చట్టముల క్రింద ఫ్లాట్లు కొనవచ్చును. బెంగుళూరులో కొన్నదానికి 1972 నాటి కర్ణాటక చట్టము వర్తించినచో, ఉమ్మడి వ్యయపు బాకీ ఫ్లాటుమీదనే భారముగా నిలుచును. అమ్మినవాని పాత బాకీకి కొన్నవాడును బాధ్యుడగును. తమిళనాడులో 2022లో వచ్చిన క్రొత్త చట్టము 1994 నాటిదానిని త్రోసి, యజమానులలో మూడింట రెండువంతులు ఒప్పుకొన్నచో పాతభవనమును పడగొట్టి మరల కట్టుటకు దారి ఇచ్చినది; మిగిలిన మూడవవంతు ఇష్టము లేకున్నను నడవవలసినదే. సొంత ఊరిలో కొన్నదానికి 1987 చట్టము, దానికి తోడు ఆ సంఘపు నియమావళి, ఆ నియమావళి అసలు వ్రాసిరా లేదా అను సందేహము. పోరుమామిళ్ళ శాసనకర్త సరిహద్దు చెఱువును దోషములలో చేర్చినప్పుడు రెండు రాజ్యములనే ఊహించెను. కుప్పపు గృహస్థునకు మూడు తటస్థించెను. ఆతడు అడ్వాన్సు ఇచ్చుటకు పూర్వము సంఘపు కార్యదర్శి ఇంటికి పోయి, నిధిలో నిలువ ఎంత, బాకీదారులు ఎందఱు, కడపటిసారి ఇంజనీరు వచ్చి చూచినది ఏ సంవత్సరమున అని మూడు ప్రశ్నలు అడిగినచో, ఆ సమాధానములు చాల భవనములలో ఒక నోటుబుక్కులో సగము పేజీకి మించవు.